తొమ్మిదో ఎక్కంలో ఆకాశవాణి

మొన్న ఒక పెళ్లి భోజనంలో నా పక్క విస్తరి ముందు కూర్చున్న పెద్దమనిషి సంఖ్యాశాస్త్రం ఎత్తుకున్నాడు. పేరులో అక్షరం కలిపి బాగుపడ్డవాళ్లు, కారుకు 9999 నంబరు కోసం వేలంపాటలో లక్షలు పోసినవాళ్లు, అందరూ వరసగా వచ్చి వెళ్లారు. పప్పులో నెయ్యి వేయించుకుంటూ హఠాత్తుగా నావైపు తిరిగి, "మీరు రేడియో మనిషి కదా మాస్టారూ, హైదరాబాద్ స్టేషన్ నంబరెంత?" అన్నాడు.

"738."

"కూడండి."

పద్దెనిమిది. మళ్లీ కూడమన్నాడు. తొమ్మిది.

"విజయవాడ?"

837. అదీ తొమ్మిదే. విశాఖ 927, కడప 900 కూడా కూడించాడు. ఏది కూడినా తొమ్మిదే. "ఆకాశవాణిలో ఎవరో పెద్దాయనకు ఈ విద్య తెలుసండీ" అని ఆకు మడిచి లేచి వెళ్లిపోయాడు. నాకు పెరుగన్నం సహించలేదు. మనిషి చెప్పిన లెక్క తప్పయితే అక్కడికక్కడే తేల్చేయొచ్చు. లెక్క సరిగ్గా ఉండి, కారణం అడ్డదిడ్డంగా ఉంటేనే చిక్కు.

కారణం మూడో తరగతిలో చెప్పించుకున్నదే. తొమ్మిదో ఎక్కంలో వచ్చే ఏ సంఖ్య అంకెలు కూడినా చివరికి తొమ్మిదే తేలుతుంది. మన మీడియం వేవ్ స్టేషన్లన్నీ తొమ్మిదో ఎక్కంలోనే ఉన్నాయి. 9 పెట్టి 82 సార్లు వేస్తే హైదరాబాద్, 93 సార్లు వేస్తే విజయవాడ, సరిగ్గా వంద సార్లు వేస్తే కడప. ఇది ఆకాశవాణి పెద్దాయన మహిమ కాదు. 1975లో జెనీవాలో యూరప్, ఆఫ్రికా, ఆసియా, ఆస్ట్రేలియా దేశాలు కూర్చుని రాసుకున్న ఒప్పందం. మీడియం వేవ్‌లో స్టేషన్‌కూ స్టేషన్‌కూ 9 కిలోహెర్ట్జ్ దూరం. 531తో మొదలై 1602తో ఆఖరు, మొత్తం 120 స్థానాలు. 1978 నవంబరు 23న అమల్లోకి వచ్చింది. అప్పటిదాకా పది చొప్పున నడిచిన ఆస్ట్రేలియాలో ఆ రోజు దాదాపు స్టేషన్లన్నీ కట్టగట్టుకుని జరిగాయి. సిడ్నీలో 870 మీద ఉన్నది 873కి, 950 మీద ఉన్నది 954కి.

స్టేషన్ల మధ్య ఇంత దూరం ఎందుకంటే, గొంతు గాలిలో ఒక్క గీత మీద నడవదు. స్టేషన్ నంబరుగా మనం చెప్పుకునేది క్యారియర్. గొంతులోని ధ్వని దానికి అటూ ఇటూ సమానంగా పరుచుకుంటుంది. సెకనుకు 4,500 కంపనాల వరకు ఉన్న ధ్వనిని పంపితే అటు నాలుగున్నర, ఇటు నాలుగున్నర, వెరసి తొమ్మిది కిలోహెర్ట్జ్. పక్క స్టేషన్ అంతకంటే దగ్గరకొస్తే ఒకరి మాటలో ఒకరి మాట కలుస్తుంది. పగలు ఈ బాధ తక్కువ. పొద్దుగుంకాక పై వాతావరణంలో తరంగాలను మింగేసే పొర మాయమవుతుంది, వందల మైళ్ల అవతలి స్టేషన్లు వచ్చి మన రేడియోలో దిగుతాయి. రాత్రి పూట సన్నని ఈల వినిపిస్తుందే, అది రెండు క్యారియర్ల మధ్య దూరమే. తొమ్మిది కిలోహెర్ట్జ్ ఈల కుర్రాళ్ల చెవికి అందుతుంది, నా ఈడు వాళ్లను వదిలేస్తుంది.

దూరం తొమ్మిదైతే సరే, నంబరు కూడా తొమ్మిదితో భాగారం పోవాలని పట్టు ఎందుకు? ఇక్కడే నాకు ఆ ఇంజనీర్ల మీద గౌరవం. మన రేడియో వచ్చిన ప్రతి స్టేషన్‌నూ లోపల ఒకే పౌనఃపున్యానికి మార్చుకుంటుంది. చాలా సెట్లలో అది 455. దాని రెట్టింపు 910. మీరు 909 మీది స్టేషన్ పెట్టారనుకోండి, రేడియో కడుపులో పుట్టిన 910 దానితో రాసుకుని, చెవిలో వెయ్యి కంపనాల కూత పెడుతుంది. అదే స్టేషన్ల నంబర్లూ, రేడియో లోపలి నంబరూ అన్నీ తొమ్మిదో ఎక్కంలోనే ఉంటే, ఇలా లోపల పుట్టే చెత్త అంతా మళ్లీ తొమ్మిదో ఎక్కంలోనే పడుతుంది. తేడా సున్నా అయిన చోట కూత ఉండదు.

ఈ నియమం కోసం లాంగ్ వేవ్ వాళ్లు ఎంత దూరం వెళ్లారో చూడండి. మనకు లాంగ్ వేవ్ లేదు, అది యూరప్ వైపు వ్యవహారం. అక్కడ 153 నుంచి 279 దాకా పదిహేనే స్థానాలు. ఇంగ్లండులో డ్రాయిట్‌విచ్ నుంచి బీబీసీ 200 కిలోహెర్ట్జ్ మీద ప్రసారం చేసేది. గుండ్రని అంకె, పైగా చాలా కచ్చితం. ప్రయోగశాలల్లో పరికరాలను దానితో సరిచూసుకునేవారు. కానీ 200 తొమ్మిదో ఎక్కంలో లేదు. 1988 ఫిబ్రవరి 1న 198కి జరిపారు. ప్రయోగశాలల వాళ్లు సణుక్కుంటూ తమ పరికరాలు మార్చుకున్నారు.

ఈ తొమ్మిది ఎంత గట్టిదో మా ఇంటికి ఒక అమెరికా రేడియో వచ్చి చెప్పింది.

మా మామయ్య అమెరికా నుంచి మొదటిసారి వచ్చినప్పుడు నాన్నగారికి అంకెల రేడియో తెచ్చాడు. ముల్లు లేదు, తిప్పే బిరడా లేదు, మీట నొక్కితే అంకెలు మారతాయి. తెనాలి దగ్గర మా ఊళ్లో దాన్ని చూడటానికి వీధి వీధంతా వచ్చింది. పొద్దున్నే వార్తల వేళకు నాన్నగారు మడత కుర్చీలో కూర్చున్నారు. మామయ్య 830 నొక్కాడు, తర్వాత 840. మధ్యలో 837 లేదు! 840 మీద విజయవాడ వస్తోంది గానీ, వార్తలు చదివే ఆయన ముక్కు ఎవరో నులిమినట్టు కీచుగా, గరగరగా. ఊరికి కూతవేటు దూరంలోని స్టేషన్ అలా వంకర్లు పోతోంది. హైదరాబాద్ కోసం 740 పెడితే అదీ అంతే, రెండు కిలోహెర్ట్జ్ పక్కకు. సాయంత్రం మాత్రం విచిత్రం. 900 మీద కడప అద్దంలా వచ్చింది. 720 మీద మద్రాసు, వీణ తీగలు విడివిడిగా లెక్కపెట్టేంత చక్కగా.

"ఏం బావా, అమెరికావాళ్లకు కడప మీద అంత ప్రేమేమిటి?" అన్నారు నాన్నగారు.

ఆ ప్రేమ లెక్కలోది. అమెరికా ఖండాల్లో స్టేషన్‌కూ స్టేషన్‌కూ దూరం పది. ఆ రేడియో పదేసి చొప్పునే దూకుతుంది. తొమ్మిదో ఎక్కం, పదో ఎక్కం కలుసుకునేది తొంభై దగ్గర. 720 తొంభై ఎనిమిదులు, 900 తొంభై పదులు. మీడియం వేవ్ 120 స్థానాల్లో అలా కలిసేవి పన్నెండే. మా పాత ముల్లు రేడియోకు ఈ గొడవే లేదు, ముల్లు 837 దగ్గర ఆగమంటే ఆగేది. చివరికి తెనాలిలో రేడియోలు బాగుచేసే కుర్రాడు బ్యాటరీల మూత తీసి, లోపల గోటితో జరిపేంత చిన్న మీట చూపించాడు. ఒక పక్క 9, ఇంకో పక్క 10. తొమ్మిది వైపు జరపగానే మామయ్య గుర్తుపెట్టించిన స్టేషన్లన్నీ చెరిగిపోయి, విజయవాడ తిన్నగా పలికింది.

ఇంతకీ అమెరికా పది దగ్గరే ఎందుకు ఆగింది? వాళ్లూ ఒకప్పుడు తొమ్మిది వైపే మొగ్గారు, స్టేషన్లకు ఎక్కువ చోటు దొరుకుతుందని. 1981లో మనసు మార్చుకున్నారు. నడుస్తున్న స్టేషన్లన్నిటినీ జరపడానికి అయ్యే ఖర్చు ఒక వాదన. పదేసి దూకే అంకెల రేడియోలు అప్పటికే ఇళ్లలోకి వచ్చేశాయన్నది ఇంకో వాదన. ఆ ఏడాది చివర రియో డి జనీరోలో పది ఖాయమైంది. ఒక ఖండం మీద స్టేషన్లు ఎక్కడుండాలో బల్ల మీది రేడియోలు కూడా తేల్చాయన్నమాట.

ఈ కాలమ్ చదివే పాతకాపులకు నా రోగం తెలుసు. స, శ, ష తేడా లేకుండా పలికేవాళ్ల మీద ఇక్కడ ఎన్ని వారాలు విసుక్కున్నానో. అందులో సగం పాపం తొమ్మిది కిలోహెర్ట్జ్ మీద వేసేవాణ్ని. "స" పలికేటప్పుడు పళ్ల మధ్య నుంచి వచ్చే గాలి బలం చాలావరకు 5,000 కంపనాల పైనే. నాలుగున్నర వేల దగ్గర కత్తిరిస్తే సకారం సగం పోతుంది. అమెరికాలాగా పది ఇచ్చి ఉంటే మన భాష బతికేదని నా వాదన. పొలం గట్టు కోసం అరగజం భూమి పోయిందని కోర్టుకెక్కే రైతు వాదన లాంటిది.

ఈ వారం కాగితం మీద లెక్క వేశాను. తొమ్మిదికీ పదికీ తేడా ఒక్కో వైపు 500 కంపనాలే. ఆ 500లో సకారం తిరిగి రాదు. పైగా ఆ తొమ్మిది క్యారియర్ల మధ్య దూరమే గానీ గొంతుకు వేసిన తాళం కాదు. విజయవాడ 837కు పక్క స్థానమైన 846 అహ్మదాబాద్‌ది. వెయ్యి కిలోమీటర్ల పైనే దూరం. పక్క నంబర్లను పక్క ఊళ్లకు ఇవ్వకుండా చూస్తే, పగలు దగ్గరి శ్రోత వరకు గొంతు కొంచెం పొంగినా ఎవరికీ నష్టం లేదు. అసలు కోత పెట్టింది చవక రేడియోలోని ఫిల్టరు. పది ఉన్న అమెరికాలో కూడా మామూలు మీడియం వేవ్ సెట్టు గొంతు అంతే మొద్దుగా ఉంటుంది.

ఇంకో సంగతి నా వాదనను పూర్తిగా ముంచింది. ఎఫ్ఎం 15,000 కంపనాల దాకా మోస్తుంది. సకారం మొత్తం, దాని పైన ఊపిరితో సహా వినిపిస్తుంది. అంత చోటు దొరికి ఇన్నేళ్లయినా ఎఫ్ఎం యాంకర్ నోట "శుభోదయం", "సుబోదయం"గానే వస్తోంది. నాలుగున్నర వేల కంపనాల సందులోంచి, రాత్రి ఈలల మధ్య నుంచి, నాన్నగారి మడత కుర్చీ దాకా వార్తలు చదివినవాళ్ల మాట మాత్రం అక్షరం పొల్లుపోయేది కాదు. నాలిక ఎక్కడ ఆనించాలో వాళ్లకు తెలుసు, మైకు ముందుకు వచ్చే ముందు చదివి వచ్చేవారు.

కాబట్టి జెనీవాలో ఇంకోసారి చేతులెత్తమంటే నా చెయ్యి తొమ్మిదికే లేస్తుంది. అరగజం వదులుకుంటే ఇంకో డజను స్థానాలొచ్చాయి, ఎక్కడో ఇంకో ఊరి భాషకు చోటు దొరికింది. సకారం సంగతి ఇంజనీర్లది కాదు, మైకు ముందు కూర్చున్నవాళ్లది.