ఆడిషన్ గదిలో తన లోపలి మాట

"నీ మనసు చెప్పినట్టు చెయ్యి." ఆడిషన్‌కి వెళ్ళే అమ్మాయికి అందరూ ఇచ్చే సలహా ఇది. మంచి సలహానే. కానీ ఆ గదిలో అధికారం ఎవరి చేతిలో ఉందన్న సంగతి ఇందులో ఎక్కడా ఉండదు. డేవిడ్ లించ్ తీసిన 'మల్‌హాలండ్ డ్రైవ్' (2001)లోని ఆడిషన్ దృశ్యం నాకు ముఖ్యం అనిపించింది అందుకే.

నటి కావాలని హాలీవుడ్‌కి కొత్తగా వచ్చిన బెట్టీ, పొద్దున ఇంట్లో రీటాతో కలిసి సంభాషణలు చదువుకుంటుంది. తండ్రి స్నేహితుడు ఒక అమ్మాయిని లొంగదీసుకునే సన్నివేశం. బెట్టీ కోపంగా అరుస్తూ చదువుతుంది. రాత మరీ నాసిగా ఉందని ఇద్దరూ నవ్వుకుంటారు. ఆడిషన్ గదిలో అంతా మారిపోతుంది. దర్శకుడు చెప్పేది ఎవరికీ అర్థం కాదు. ఎదుటి నటుడు వయసులో చాలా పెద్దవాడు. ఇంతకుముందు వచ్చిన నల్లజుట్టు అమ్మాయితో చేసినట్టే దగ్గరగా చేద్దామంటాడు. బెట్టీ గొంతు తగ్గించేస్తుంది. పొద్దున నవ్వులాటగా పలికిన ద్వేషం ఇప్పుడు కన్నీళ్ళతో, గుసగుసగా వస్తుంది. గదిలో వాళ్ళంతా చప్పట్లు కొడతారు.

ఈ దృశ్యాన్ని నటి విజయంగా చాలామంది మెచ్చుకున్నారు. నేను సగమే ఒప్పుకుంటాను. ఆ గొంతు, ఆ నిదానం బెట్టీవే. దగ్గరతనం మాత్రం ఆమె ఎంచుకున్నది కాదు, అతను ముందే తేల్చేసినది. అతను వదిలిన కాస్త జాగాలోనే ఆమె లోపలి మాట పనిచేసింది. మరి ఆ నల్లజుట్టు అమ్మాయికి ఏమనిపించి ఉంటుంది? గదిలో ఎవరూ అడగరు.

బయటికి రాగానే, ఆ సినిమా అసలు తీయడం జరగని పని అని బెట్టీతో వచ్చిన క్యాస్టింగ్ ఏజెంటే తేల్చేస్తుంది. పక్క స్టూడియోలోనేమో దర్శకుణ్ణి బెదిరించి, తాము చెప్పిన అమ్మాయికే వేషం ఇప్పిస్తారు మగవాళ్ళు. ఇంత ప్రతిభ చూపిన బెట్టీకి అక్కడ పనే లేదు. (తమాషా ఏమిటంటే, ఏళ్ళ తరబడి హాలీవుడ్‌లో అవకాశాల కోసం తిరిగిన నవోమీ వాట్స్‌ను లించ్ ఈ పాత్రకు ఫోటో చూసి, కాసేపు మాట్లాడి తీసుకున్నాడు. సంభాషణలు చదివించలేదు.)

మన పరిశ్రమల్లో ఈ పెత్తనానికి వేరే పేర్లున్నాయి. తెలుగులో 'కమిట్‌మెంట్'. మలయాళంలో 'అడ్జస్ట్‌మెంట్', 'కాంప్రమైజ్' అని జస్టిస్ హేమ కమిటీ నమోదు చేసింది. ఆ మాట చెవిన పడగానే అమ్మాయి కడుపులో కలిగే గుబులు కూడా లోపలి మాటే, నటనకు పనికొచ్చే స్ఫురణ ఎంతో అదీ అంతే. కానీ గుబులుని నమ్మి లేచి వచ్చేసిన అమ్మాయికి 'పొగరు' అన్న ముద్ర పడుతుంది, వేషం పోతుంది. ఈ ఖరీదు గురించి సలహా ఇచ్చేవాళ్ళు మాట్లాడరు.

హేమ కమిటీ చేసిన పని నా దృష్టిలో ఆ నల్లజుట్టు అమ్మాయిని అడగడమే. ఒకరికొకరు తెలియని ఆడవాళ్ళు చెప్పిన మాటలు ఒకచోట చేరేసరికి, విడివిడిగా అనుమానంలా ఉన్నది సాక్ష్యమైంది. 2017లో వేసిన ఆ కమిటీ 2019 డిసెంబరులో నివేదిక ఇచ్చింది. అది బయటికొచ్చింది 2024 ఆగస్టులో, అదీ కొన్ని భాగాలు తీసేసి. మధ్యలో గడిచిన నాలుగేళ్ళ పైచిలుకు కాలంలో ఎందరు అమ్మాయిలు ఆడిషన్లకి వెళ్ళారో, ఆ గుబులు తమ ఒక్కరిదే అనుకుంటూ.