డెబొరా అడిగిన ప్రశ్న

మా చిన్నమ్మ పోయిన రెండేళ్లకు ఆమె బిడ్డకు సంబంధం వచ్చింది. కేతేపల్లిలో మా ఇంటి వరండాలో చాయ్‌లు తాగి, అంతా కుదిరిందనుకున్నాక అబ్బాయి మేనత్త మెల్లగా అడిగింది: "తల్లికి గర్భసంచి క్యాన్సరట గదా, బిడ్డకు గూడ వస్తదా?" మా అమ్మ నా వైపు చూసింది. ఇంజనీరింగ్ చదివినోణ్ణి, నాకు తెలిసుండాలి. తెలీదు.

అదే ప్రశ్న చాలా ఏళ్ల తర్వాత రెబెకా స్క్లూట్ పుస్తకం 'ది ఇమ్మోర్టల్ లైఫ్ ఆఫ్ హెన్రియెట్టా లాక్స్' (2010)లో ఎదురైంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో 1951లో, 31 ఏళ్లకే బాల్టిమోర్‌లో చనిపోయిన నల్లజాతి స్త్రీ, చెప్పకుండా తీసుకున్న ఆమె కణాలు, వాటిమీద జరిగిన వ్యాపారం: అందరూ చదివేది ఆ కథే. నేను కూతురు డెబొరా కోసం చదివాను. 1973లో పరిశోధకులు వచ్చి రక్తం తీసుకుంటే, అమ్మ జబ్బు తనకూ ఉందేమో చూస్తున్నారనుకుంది ఆమె. వాళ్లకు కావాల్సింది వేరే. ల్యాబుల్లో మిగతా కణాల్లో కలిసిపోయిన హీలా కణాలను గుర్తుపట్టడానికి ఆ కుటుంబం జన్యు గుర్తులు. ఫలితం కోసం డెబొరా ఎదురుచూస్తూ ఉండిపోయింది. స్క్లూట్ ఈ భాగాన్ని ఎవర్నీ తిట్టకుండా రాసింది, అందుకే ఎక్కువ గుచ్చుకుంటుంది. ఇది అమెరికా సంగతే అనుకోనక్కర్లేదు. 2009లో మన పక్క ఖమ్మం జిల్లాలో 'పాత్' సంస్థ ప్రాజెక్టు కింద ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేసినప్పుడు, చాలా సమ్మతి పత్రాల మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి.

అయితే వైరస్ దగ్గరకొచ్చేసరికి స్క్లూట్ తొందరపడింది. హెన్రియెట్టా కణితిలో హెచ్‌పీవీ-18 ఉందని హరాల్డ్ జుర్ హౌసెన్ 1980ల్లో తేల్చిన సంగతి చెప్పి దాటేస్తుంది. (వైరస్ 11వ క్రోమోజోమ్‌లో దూరిందని రాసింది, 2013లో హీలా జన్యుక్రమం చదివినవాళ్లు దాన్ని 8వ దాంట్లో, మిక్ అనే జన్యువుకు దగ్గర్లో చూశారు.) మా భాషలో, పరాయి కోడ్ పేస్ట్ అయింది. అది తయారుచేసే ప్రొటీన్లు పీ53 లాంటి కాపలాదార్లను పడగొడతాయి. కానీ ఆ మార్పు ముఖద్వారం కణాల్లోనే. అండంలోకి మెర్జ్ కాదు, బిడ్డకు రాదు. వైరస్‌ను ఒళ్లు వదిలించుకోవడంలో వారసత్వానికి కొంత పాత్ర ఉంది, అంతే.

ఇంత తెలిసినా ఆ రోజు వరండాలో చెప్పగలిగేవాణ్ణా? జన్యువంటే బిడ్డ పెళ్లి చెడుతుంది. లైంగికంగా సోకే వైరసంటే పోయిన తల్లి మీద మాట పడుతుంది. మొగుడి నుంచి వచ్చుండొచ్చని ఎవరూ అనరు. ఈ ఇరుకు దగ్గర స్క్లూట్ ఇంకాస్త ఆగుంటే బాగుండేది.

తల్లి కణాలను మైక్రోస్కోపులో చూపించి, ఓపిగ్గా విడమర్చి చెప్పే శాస్త్రజ్ఞుడు డెబొరాకు 2001లో దొరికాడు. పుస్తకం అచ్చయ్యేలోపే, 2009లో ఆమె పోయింది.

ఆ సంబంధం తప్పిపోయింది. మొన్న పండక్కి చెల్లెకు ఇదంతా చెప్పాను. అంతా విని, "గీ ముచ్చట ఆ రోజే చెప్పకపోతివేంది అన్నా?" అంది.