పాత స్తంభములో క్రొత్త చువ్వ – ఒక విమర్శ

గట్టిపడిన కాంక్రీటునకు బెజ్జము వేసి, జిగురు నింపి, ఇనుప చువ్వను దూర్చి, దాని యాధారమున క్రొత్త కట్టడమును పాతదానికి చేర్చు పద్ధతి నేడు విరివిగా వాడుకలో నున్నది. పాత హాలునకు వసారా చేర్చుటకును, బలహీనమైన స్తంభమునకు కాంక్రీటు తొడుగు పోయుటకును ఇదియే సాధనము. పోతకు ముందే యమర్చిన చువ్వతో ఇది సమానమని దీనిని మెచ్చువారి వాదము. భూకంపభయము గల చోట్ల ఈ వాదము నిలుచునా యనునది ప్రశ్న. దక్కను పీఠభూమికి ఆ భయము లేదనుకొనుట పొరపాటని 1967లో కొయనా, 1993లో కిల్లారి తెలిపినవి. 2001లో భుజ్ భూకంపమునకు, కేంద్రమునుండి 200 కి.మీ.కు పైగా దూరమున నున్న అహమ్మదాబాదులో కాంక్రీటు మేడలు కూలినవి.

ఈ పద్ధతి గుణములను ముందుగా ఒప్పుకొనవలెను. పాతదానిని పగులగొట్టు పని తగ్గును. మేలైన జిగురు చువ్వను మిక్కిలి గట్టిగా పట్టును. లోతైన పునాది దిమ్మెలో నిలువు చువ్వను దింపునపుడు కావలసినంత పొడవు దొరకును. అట్టి చోట ఆక్షేపణకు తావు తక్కువ.

చిక్కంతయు దూలము స్తంభమును కలియు సంధియందున్నది. లెక్క చూతము. ఎం20 కాంక్రీటులో ఎఫ్‌ఇ415 ఉక్కుతో చేసిన 16 మి.మీ. చువ్వ తన పూర్ణబలమును చూపుటకు, భారత ప్రమాణమగు ఐ.ఎస్. 456 ప్రకారము, వ్యాసమునకు 47 రెట్లు, అనగా సుమారు 750 మి.మీ. లోపల నుండవలెను. భూకంపములకై వెలసిన ఐ.ఎస్. 13920 చివరి స్తంభములయొద్ద మఱి పది వ్యాసములు చేర్చుచున్నది. మొత్తము 910 మి.మీ. స్తంభమో, 400 మి.మీ. మాత్రమే. పోతకు ముందైనచో పనివాడు చువ్వను స్తంభములోపల వంచి ఆ లోటు తీర్చును. ఆ వంపునకు ప్రమాణము కొంత మినహాయింపు నిచ్చుచున్నది. బెజ్జములో దూర్చు చువ్వకు వంపును లేదు, మినహాయింపును లేదు.

జిగురు బలమైనది కనుక తక్కువ పొడవే చాలునందురు. ఇది సగము సత్యము. జిగురు వీడకున్నను, చుట్టునున్న పాత కాంక్రీటు చీలవచ్చును. లేదా శంకువువలె ఊడిరావచ్చును. అంతేకాక భూకంపమున లాగుడును నెట్టుడును మాఱి మాఱి వచ్చును. ప్రతి యూపునకు పట్టు కొంత అరుగును. ముందు ఉక్కు సాగవలెను. పట్టు అంతవఱకు నిలువవలెను. ఉక్కు సాగినచో కట్టడము వంగియు నిలుచును. పట్టు వీడినచో ఒక్కసారిగా కూలును.

వ్యాకరణమున సంధియనగా రెండు స్వరములు కలిసి ఒక్కటియగుట. వంచి యమర్చి పోసిన చువ్వది అట్టి సంధి. తరువాత దూర్చినది సమాసమువంటిది. పదములు చేరినను విడదీయు చోటు మిగిలియే యుండును.

పనితనము మఱియొక సంగతి. బెజ్జములోని ధూళిని ఊది, బ్రష్షుతో తోమి, మరల ఊదనిచో జిగురు కాంక్రీటునకు గాక ధూళికి అంటును. పని ముగిసిన పిమ్మట ఈ లోపము కంటికి కానరాదు. జిగురు ఎంపికయు అంతే ముఖ్యము. 2006 జూలై 10న బోస్టను నగరపు సొరంగములో ఎపాక్సీతో బిగించిన మరలు జారి, కప్పు పలకలు కారుపై పడి ఒక స్త్రీ మరణించినది. అది భూకంపము కాదు, నిత్యము వ్రేలాడు బరువే. ఆ జిగురు నిలుకడ బరువునకు మెల్లమెల్లగా సాగునట్టిదని విచారణలో తేలినది.

కావున ఈ పద్ధతిని త్రోసివేయుట తగదు. ఎల్లెడల సమానమనుటయు తగదు. పునాదిలో నిది యోగ్యము. సన్నని స్తంభమున దూలమును నిలుపుటకు, కేవలము జిగురు బలమును నమ్ముట సాహసము. అట్టి చోట ముందు స్తంభమునకు తొడుగు పోసి మందము పెంచవలెను. లేదా క్రొత్త భాగమును తగిన యెడము విడిచి తన స్తంభములపైననే నిలుపవలెను. బడికో సంఘభవనమునకో గది చేర్పదలచిన పెద్దలు ఇంజనీరును మొదట అడుగవలసినది జిగురు పేరు కాదు. చువ్వ ఎంత లోతునకు పోవును, స్తంభము మందమెంత యని.