ఎలుక పేరు పెట్టుకున్న చక్రవర్తి

‘డ్యూన్’ గురించి ఎవరు మాట్లాడినా ఇసుకపురుగు దగ్గరే ఆగిపోతారు. మొదటిసారి చదివినప్పుడు నేనూ అంతే. ఈమధ్య మళ్ళీ చదువుతుంటే, ఫ్రాంక్ హెర్బర్ట్ 1965లో రాసిన ఈ నవలకి ప్రాణం ఒక చిన్న ఎలుకలో ఉందనిపించింది.

అరాకిస్ ఎడారిలో బొరియలు తవ్వుకుని బతికే గెంతుడెలుక అది. పేరు ముఆద్‌దిబ్. మన భూమ్మీది కంగారూ ఎలుకే అక్కడి ఇసుకకి అలవాటు పడిందని హెర్బర్ట్ ఊహ. అమెరికా ఎడారుల్లోని కంగారూ ఎలుక నీళ్ళు తాగకుండానే బతకగలదు. ఎండు గింజలు తింటే ఒంట్లో పుట్టే నీరే దానికి చాలు. పగలు బొరియలో ఉంటుంది, రాత్రి బయటికొస్తుంది. అందుకే ఈ కల్పిత ఎలుకని ఇట్టే నమ్మేస్తాం. పురుగు విషయంలో మాత్రం, ‘అంత ఒంటికి తిండి ఎక్కణ్ణించొస్తుంది?’ అని నాలోని ఇంజనీరు సణుగుతూనే ఉంటాడు.

ఓ వెన్నెల రాత్రి పాల్, జెస్సికా ఈ ఎలుకలు గెంతడం చూస్తుంటారు. అంతలో ఒక పక్షి చప్పుడు లేకుండా దిగి ఒకదాన్ని తన్నుకుపోతుంది. తర్వాత పాల్ ఫ్రెమెన్‌లో చేరినప్పుడు ఆ ఎలుక పేరే తీసుకుంటాడు. స్టిల్గర్ మెచ్చుకుంటాడు: అది తన నీళ్ళు తనే చేసుకుంటుంది, ఎండకి దాక్కుంటుంది, చల్లని రాత్రి తిరుగుతుంది, పిల్లలకి గురువు.

ఈ జాబితాలో తవ్వడం లేదు! ఆ సంగతి నవల చివర అనుబంధంలో దొరుకుతుంది. ఎడారిని పచ్చగా మార్చే పథకంలో, నేలని గుల్లచేసి లోపలికి గాలి ఆడేలా చెయ్యడానికి వదిలిన ప్రాణుల్లో ఇదీ ఒకటి. అంటే తరాల తరబడి సాగే పనిలో ఓ చిన్న కూలీ. పాల్‌కి ఆ ఓపిక ఉండదు. ‘డ్యూన్ మెసయ్య’ (1969)కి వచ్చేసరికి అతని పేరు మీద జరిగిన యుద్ధాల్లో 6,100 కోట్లమంది పోయారు. తననితాను చిన్నవాణ్ణని చెప్పుకుంటూ గద్దెనెక్కిన నాయకుల్ని చూస్తూనే ఉన్నాం కాబట్టి, ఈ పేరు నాకు ఇంకాస్త గుచ్చుకుంది.

నా ఫిర్యాదల్లా ఒకటే. ఎలుక చేసే అసలు పనిని హెర్బర్ట్ అనుబంధంలో దాచేశాడు, చాలామంది అక్కడిదాకా చదవరు. మీరు చదవండి. అది చదివాక, పాల్ ఆ పేరు కోరుకునే పేజీ దగ్గరికి మళ్ళీ వెళ్ళండి.