కంటికి ఆనని జబ్బు

నార్వే రచయిత హెన్రిక్ ఇబ్సెన్ 1881లో రాసిన ‘ఘోస్ట్స్’ నాటకం పేరు మీలో చాలామంది వినే ఉంటారు. కెప్టెన్ ఆల్వింగ్ విచ్చలవిడిగా బతికి చనిపోతాడు. చిత్రకారుడైన కొడుకు ఆస్వల్డ్ పారిస్ నుంచి జబ్బుతో ఇల్లు చేరతాడు. అది తండ్రి నుంచి సంక్రమించిందనీ, అతని మెదడును తినేస్తోందనీ మనకు తెలుస్తుంది. నాటకంలో ఎక్కడా పేరు చెప్పరు గాని అది సిఫిలిస్, మనవాళ్ళు సవాయి అనే రోగం. సమాజంలోని కపటాన్ని ఎండగట్టిన నాటకంగా దానికి వచ్చిన పేరు న్యాయమైనదే. కాని విజ్ఞానశాస్త్ర దృష్టితో చదివితే ఒక ప్రశ్న మిగులుతుంది. తండ్రికి జబ్బు, కొడుక్కి జబ్బు. మరి మధ్యలో ఉన్న తల్లి సంగతేమిటి?

శ్రీమతి ఆల్వింగ్ చివరిదాకా ఆరోగ్యంగానే కనిపిస్తుంది. ఈ లోపం ఇబ్సెన్ ఒక్కడిదే కాదు. జబ్బు తండ్రి నుంచి నేరుగా బిడ్డకు వస్తుందని ఆనాటి వైద్యుల్లో ఎందరో నమ్మేవారు. రోగంతో పుట్టిన బిడ్డకు పాలిచ్చిన దాదికి పుండ్లు లేస్తాయి గాని కన్నతల్లికి లేవవని 1837లో డబ్లిన్ సర్జన్ అబ్రహాం కాలిస్ రాశాడు. దాంతో తల్లికి జబ్బు లేదనుకున్నారు. 1905లో షౌడిన్, హాఫ్‌మన్ ఈ రోగానికి కారణమైన మెలికల సూక్ష్మజీవిని కనుగొన్నారు. మరుసటి ఏడాది వాసర్‌మన్ రక్తపరీక్ష వచ్చింది. ఆ తల్లుల రక్తం పరీక్షిస్తే అసలు విషయం బయటపడింది. వారికి అప్పటికే జబ్బు ఉంది, పైకి కనిపించలేదంతే. సూక్ష్మజీవి తల్లి రక్తం నుంచి మాయను దాటి బిడ్డను చేరుతోంది.

అంటే ఇది వంశపారంపర్యం కాదు, అంటురోగం. ఈ తేడా మాటల పట్టింపు కాదు. అంటును ఆపవచ్చు. అయినా మన రాతల్లో ‘వంశపారంపర్యం’, ‘సుఖవ్యాధి’ అనే మాటలు ఇంకా పోలేదు. నెలలు నిండకుండా పుట్టిన పసిగుడ్డుకు ఇందులో సుఖమేమిటి? పాపం అంటగట్టే మాట వింటే ఏ గర్భిణి ధైర్యంగా పరీక్షకు వస్తుంది?

పాఠ్యపుస్తకాల మీదా నాకొక ఫిర్యాదు ఉంది. ఈ జబ్బు అనగానే నొక్కుపడిన పళ్ళు, అణిగిన ముక్కు ఉన్న బొమ్మలు చూపిస్తారు. అవి పిల్లవాడు పెద్దయ్యాక బయటపడే గుర్తులు. పుట్టినప్పుడు చాలామంది పిల్లలు మామూలుగానే ఉంటారు. కొందరికి కొన్ని వారాలకు ముక్కు కారడం, అరచేతులు అరికాళ్ళ మీద దద్దుర్లు, కామెర్లు, రక్తహీనత, కాలేయం వాపు కనిపిస్తాయి. ఎముకల నొప్పికి చెయ్యో కాలో కదల్చరు. ఇక అసలు పుట్టని బిడ్డల మాట? ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2022లో ఈ జబ్బు సుమారు 7 లక్షల గర్భాల్లో బిడ్డకు సోకింది. దాదాపు లక్షన్నర పిండాలు కడుపులోనే చనిపోయాయి. సుమారు 70 వేల మంది పుట్టిన నెలలోపే కన్నుమూశారు. మృతశిశువును కన్న తల్లికి రక్తపరీక్ష చేయకపోతే ఈ నష్టం లెక్కకే ఎక్కదు.

రాయ్‌పూర్‌లో కూర్చుని ఈ నాటకం గురించి రాయడానికి కారణం ఉంది. ఆశా కార్యకర్తలు దేశమంతటా రాకముందే, 2002లో, ఛత్తీస్‌గఢ్‌లో మితానిన్లు వచ్చారు. ఛత్తీస్‌గఢీలో మితానిన్ అంటే స్నేహితురాలు. తన వాడలో ఎవరు నెల తప్పారో ముందుగా తెలిసేది ఆమెకే. వేలి చివర రక్తపు చుక్కతో అరగంటలో ఫలితం చెప్పే పరీక్ష ఉంది. 2015లో కేంద్ర ఆరోగ్య శాఖ ఈ జబ్బు నిర్మూలనకు జాతీయ వ్యూహం కూడా ప్రకటించింది. కాని పరీక్షల సంఖ్య చూసి సంతోషిస్తే సరిపోదు. జబ్బు ఉందని తేలిన తల్లికి, మేకాహారా అని జనం పిలుచుకునే నగరంలోని పెద్దాసుపత్రికి వెళ్ళమని చీటీ రాసిచ్చామనుకోండి. ఆ చీటీకీ సూదికీ మధ్య ఎన్ని రోజులు జారిపోతాయి? కాన్పుకు కనీసం 30 రోజుల ముందు పడితేనే ఆ మందు బిడ్డను కాపాడినట్టు లెక్క.

ఆ మందు పాతదే, చవకైనదే: బెంజథీన్ పెన్సిలిన్, 24 లక్షల యూనిట్లు. తొలిదశలో ఒక్క ఇంజెక్షన్, ఎప్పటి జబ్బో తెలియకపోతే వారానికొకటి చొప్పున మూడు. గర్భిణికి దీనికి సాటి వచ్చే మందు మరొకటి లేదు. పడకపోతుందేమోనన్న భయంతో ఇంకేదో మాత్ర ఇచ్చి పంపడం బిడ్డకు ద్రోహమే. భర్తకూ వైద్యం జరగాలి, లేకుంటే జబ్బు మళ్ళీ అంటుకుంటుంది.

క్యూబా 2015లో, శ్రీలంక 2019లో ఈ జబ్బు తల్లి నుంచి బిడ్డకు సోకడాన్ని నిర్మూలించినట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందాయి. మీ ఇంట్లో ఎవరైనా నెల తప్పితే మొదటి మూడు నెలల్లోనే సిఫిలిస్ పరీక్ష చేశారా అని అడగండి. మనిషిని చూసి ‘ఈమెకెందుకు’ అనుకోవద్దు. ఆ చూపే డెబ్బై ఏళ్ళపాటు వైద్యులను మోసగించింది.