వంకాయను నిషేధించారు, తేనెటీగను మరిచారు

రాయపూర్ నగరంలోని తెలీబంధా చెరువు గట్టును ఇప్పుడందరూ మెరైన్ డ్రైవ్ అంటున్నారు. సాయంత్రం నడకకు వచ్చేవారి మధ్య అక్కడ తెలుగు మాటలు వినబడటం వింతేమీ కాదు. విజయనగరం వైపు నుంచి రాయపూర్‌కు రైలు మార్గం 1931లో పూర్తయింది మొదలు మనవాళ్లు ఉద్యోగాలకూ వ్యాపారాలకూ అటు వెళ్తూనే ఉన్నారు. మా బావగారూ అలా వెళ్లి స్థిరపడినవారే. రెండేళ్ల క్రితం ఆ గట్టు మీదే ఆయన్ను మెడ మీద తేనెటీగ కుట్టింది. ఒకే ఒక్కటి. పది నిమిషాల్లో ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, గొంతు పట్టేసింది, కళ్లు తిరిగి బెంచీ మీద కూలబడ్డారు. దగ్గర్లోని ఒక ఆసుపత్రికి చేర్చేసరికి పై రక్తపోటు 80 ఉంది. సెలైన్, ఎలర్జీ ఇంజెక్షన్, స్టెరాయిడ్ ఇచ్చారు. అదృష్టం బాగుండి తేరుకున్నారు.

మూడు వారాల తర్వాత “ఎలర్జీ ఎందుకొచ్చిందో తేల్చేద్దాం” అని రక్తం తీసి పరీక్షకు పంపారు. నాలుగు పేజీల రిపోర్టు వచ్చింది. అరవైకి పైగా పదార్థాలు, ప్రతిదాని ఎదుట ఒక అంకె, రంగురంగుల గీతలు. వంకాయ, అరటి, శనగ, వేరుశనగ, ఇంటి దుమ్ములోని పురుగు, బొద్దింక, వయ్యారిభామ పుప్పొడి – ఇన్నింటికి ‘పాజిటివ్’. వంకాయ, అరటి జన్మలో ముట్టవద్దన్నారు. రెండేళ్లపాటు నాలుక కింద వేసుకునే చుక్కలు రాసిచ్చారు. ఇంతకూ ఆ అరవైలో తేనెటీగ విషం లేనే లేదు!

పుస్తకాలను సమీక్షించినట్లే ఇలాంటి రిపోర్టులనూ ఎవరైనా సమీక్షించాలని నాకు చాలాకాలంగా అనిపిస్తోంది. ఎందుకంటే జనం వీటిని పుస్తకాలకన్నా ఎక్కువ నమ్ముతారు.

మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ఉన్నది మొత్తం ఇమ్యునోగ్లోబ్యులిన్-ఇ. క్లుప్తంగా ఐజిఇ. ఎలర్జీకి మూలమైన ఈ ప్రతిరక్షకాన్ని 1966-67లో అమెరికాలో పనిచేస్తున్న ఇషిజాకా దంపతులు, స్వీడన్‌లో యొహాన్సన్, బెన్నిచ్ విడివిడిగా గుర్తించారు. అది పెరగడానికి ఎలర్జీ ఒక్కటే కారణం కాదు. కడుపులో ఏలికపాములు, కొంకిపురుగులు ఉన్నా, బోదవ్యాధి పురుగులున్నా పెరుగుతుంది. ఈ పురుగులు మామూలైన మన దేశంలో ఆ అంకెను ఎర్ర గీతతో అచ్చువేసి జనాన్ని భయపెట్టడం న్యాయం కాదు.

తర్వాతి పేజీల్లోని అంకెలు ఒక్కొక్క పదార్థానికి ప్రత్యేకమైన ఐజిఇ. ఇక్కడే అసలు పొరపాటు జరుగుతుంది. ఓటర్ల జాబితాలో పేరున్నంత మాత్రాన ఆ మనిషి ఓటు వేశాడని చెప్పలేం కదా! అలాగే రక్తంలో వంకాయకు ఐజిఇ ఉన్నంత మాత్రాన వంకాయ తింటే జబ్బు చేస్తుందని చెప్పలేం. తిన్నప్పుడు ఏం జరిగిందన్నదే ముఖ్యం. మా బావగారు యాభై ఏళ్లుగా గుత్తివంకాయ తింటున్నారు. ఏనాడూ ఏమీ కాలేదు. ఆ సంగతి ఆయన్ను ఎవరూ అడగలేదు.

మరి ఆ ‘పాజిటివ్’ ఎక్కడ నుంచి వచ్చింది? తేనెటీగ విషంలో ఫాస్ఫోలైపేజ్, హైయలురొనిడేజ్ అనే ఎంజైములు ఉంటాయి. ఇవి ప్రొటీన్లు. వీటికి అంటుకుని కొన్ని చక్కెర అణువుల గొలుసులుంటాయి. అలాంటి గొలుసులే మొక్కల ప్రొటీన్లలోనూ ఉంటాయి. మనిషి శరీరంలో ఉండవు. తేనెటీగ కుట్టిన కొన్నివారాలకు కొందరిలో ఈ చక్కెరల మీద ఐజిఇ పుడుతుంది. ఆ రక్తాన్ని పరీక్షనాళికలో వంకాయకో అరటికో చూపిస్తే అతుక్కుంటుంది. కానీ ఒంట్లో దాదాపు ఏ హానీ చేయదు. బావగారి విషయంలో ఇదే జరిగిందని నేను రుజువు చేయలేను. అయితే ఒకేసారి ఇన్ని శాకపదార్థాలు పాజిటివ్ వచ్చినప్పుడు మొదట అనుమానించవలసింది దీన్నే. అంటే వంకాయ మీద పడిన నింద నిజానికి తేనెటీగది కావచ్చు. రిపోర్టులో ఈ హెచ్చరిక ఒక్క వాక్యమైనా లేదు.

సరైన పద్ధతి ఏమిటి? ముందు ఏం కుట్టింది, ఎంతసేపటికి ఏమైంది అని కూర్చోబెట్టి అడగాలి. తేనెటీగ ముల్లును చర్మంలో వదిలిపోతుంది. కందిరీగ సాధారణంగా వదలదు. ఈ ఒక్క ఆనవాలే సగం పని చేస్తుంది. తర్వాత శుద్ధిచేసిన విషంతో చర్మ పరీక్ష. కుట్టిన వెంటనే చేస్తే కొందరిలో ఏమీ కనిపించదు కనుక నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి. ఎలర్జీ మాత్రలను పరీక్షకు వారం ముందే ఆపాలి. వందలాది కొండతేనెటీగలు మీదపడి కుట్టడం వేరే సంగతి. అది ఎలర్జీ కాదు, విషప్రయోగం. కండరాలు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. పత్రికల్లో రెండింటినీ ‘తేనెటీగల దాడి’ అనే ఒకే శీర్షిక కింద వేస్తారు.

చికిత్స సంగతికి వస్తే చరిత్ర కాస్త చెప్పుకోవాలి. 1902లో ఫ్రాన్సుకు చెందిన పోర్టియే, రిషే సముద్రపు ఎనిమోన్ విషాన్ని కుక్కలకు కొద్దికొద్దిగా ఇచ్చి తట్టుకునే శక్తి పెంచుదామనుకున్నారు. కొన్ని వారాల తర్వాత ఇచ్చిన అతి చిన్న మోతాదుకే కుక్క చచ్చిపోయింది. దీనికే ఎనాఫిలాక్సిస్ అని పేరు పెట్టారు. రిషేకు 1913లో నోబెల్ వచ్చింది. ఆ తర్వాత దశాబ్దాలపాటు వైద్యులు తేనెటీగ ఎలర్జీకి మొత్తం ఈగను నూరి తీసిన సారాన్ని ఇంజెక్షన్లుగా ఇచ్చారు. రోగులు బాగుపడుతున్నారనే నమ్మారు. 1978లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ వైద్యులు రోగులను మూడు జట్లుగా చేసి ఒక జట్టుకు శుద్ధమైన విషం, ఒక జట్టుకు ఈగ సారం, ఒక జట్టుకు ఉత్తుత్తి మందు ఇచ్చి, ఆసుపత్రిలోనే ఈగలతో కుట్టించారు. ఈగ సారం, ఉత్తుత్తి మందు ఒక్కలాగే పనిచేశాయి. రెండు జట్లలోనూ సగానికి పైగా రోగులకు ఎలర్జీ వచ్చింది. విషం తీసుకున్నవారిలో ఒక్కరికే వచ్చింది. అనుభవం పేరుతో చలామణి అయిన వైద్యం అలా ఒక్క ప్రయోగంతో కూలిపోయింది.

ఈ సంగతి బయటపడి నలభై ఏళ్లు దాటింది. అయినా మన దేశంలో ఎలర్జీ క్లినిక్కులకు సరఫరా అయ్యే జాబితాల్లో తేనెటీగ, కందిరీగ, దోమ, బొద్దింక అన్నీ ‘కీటకాలు’ అనే ఒకే గంపలో కనబడతాయి. బొద్దింకను నూరడం తప్పుకాదు, ఎందుకంటే దాని రెట్టనూ పొట్టునూ మనం దుమ్ముతో పాటు పీలుస్తాం. తేనెటీగను మనం పీల్చం, అది కుడుతుంది. శుద్ధమైన విషంతో మూడు నుంచి ఐదేళ్లు ఇంజెక్షన్లు ఇస్తే తేనెటీగ ఎలర్జీ ఉన్నవారిలో పదిమందికి ఎనిమిదిమంది, కందిరీగ అయితే అంతకన్నా ఎక్కువమంది రక్షణ పొందుతారు. ఆ విషం మనకు సులభంగా దొరకదు. దొరికేది కూడా పడమటి దేశాల ఈగలది. మన కందిరీగల విషం వాటితో పూర్తిగా సరిపోలదు.

ఇక అసలు ప్రాణం నిలిపే మందు ఎడ్రినలిన్. ఒక మిల్లీలీటరులో ఒక మిల్లీగ్రాము ఉండే చిన్న ఆంపూల్, ధర బహుస్వల్పం. పెద్దవారికి అర మిల్లీగ్రాము తొడ బయటివైపు కండరంలోకి ఇవ్వాలి. తగ్గకపోతే ఐదు నిమిషాల తర్వాత మళ్లీ ఇవ్వాలి. రోగిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెట్టాలి. ఉన్నట్టుండి లేపి కూర్చోబెట్టడమే కొందరి ప్రాణం తీసింది. స్టెరాయిడ్ పనిచేయడానికి గంటలు పడుతుంది, ఎలర్జీ మాత్ర రక్తపోటును ఎత్తదు. బ్రిటన్‌లో ఇలాంటి మరణాలను పరిశీలించిన పంఫ్రీ 2000లో ప్రచురించిన లెక్క ప్రకారం, కుట్టడానికీ గుండె లేదా శ్వాస ఆగడానికీ మధ్య వ్యవధి పదిహేను నిమిషాలు. బావగారికి ఎడ్రినలిన్ ఎందుకివ్వలేదని అడిగితే “వయసు యాభై దాటింది, గుండెకు ప్రమాదం” అన్నారు. రక్తపోటు 80కి పడిపోవడం గుండెకు ఇంకా పెద్ద ప్రమాదం కదా!

ఆ రిపోర్టు పూర్తిగా వృథా అనను. దుమ్ముపురుగు పాజిటివ్ అయి, పొద్దున్నే వరసగా తుమ్ములు వచ్చేవారికి అది పనికివస్తుంది. అలాంటివారికి ఎలర్జెన్ చికిత్స మేలు చేస్తుందని లండన్‌లో నూన్ 1911లో గడ్డి పుప్పొడితో మొదలుపెట్టిన నాటి నుంచి ఆధారాలున్నాయి. వయ్యారిభామ విషయంలో మాత్రం జాగ్రత్త. రాయపూర్‌లో దాన్ని గాజర్ ఘాస్ అంటారు. అది పెరికేవారి మొహం, మెడ, చేతుల మీద వచ్చే మొండి దురద ఐజిఇ వల్ల వచ్చేది కాదు, టి-కణాల వల్ల వచ్చేది. దానికి రక్త పరీక్ష పనికిరాదు, వీపు మీద పట్టీ పరీక్ష చేయాలి.

తర్వాత ఒక బోధనాసుపత్రిలో బావగారికి చర్మ పరీక్ష చేశారు. తేనెటీగ విషానికి గట్టి దద్దురు లేచింది. విషపు ఇంజెక్షన్ల కోసం ఇంకా తిరుగుతున్నారు. ప్రస్తుతానికి పాత కళ్లజోడు పెట్టెలో రెండు ఆంపూళ్లు, రెండు సిరంజీలు పెట్టుకుని గట్టు మీదకు వెళ్తున్నారు. మా అక్క నీళ్ల సిరంజీతో బత్తాయిపండు మీద ఇంజెక్షన్ చేయడం నేర్చుకుంది. పోయిన సంక్రాంతికి వాళ్లింట్లో గుత్తివంకాయ చేశారు.