ఏ మార్పుతో చెడింది?

మొన్నటిదాకా సజావుగా పనిచేసిన వైఫై, కొత్త కెర్నెల్ ఎక్కించాక కనిపించకుండా పోతుంది. ల్యాప్‌టాప్ మూత మూసి తెరిస్తే తెర నల్లగానే ఉండిపోతుంది. పరికరం పాతదే, మారింది సాఫ్ట్‌వేర్ ఒక్కటే. ఇలా ఒక వెర్షన్‌లో పనిచేసి తర్వాతి వెర్షన్‌లో చెడిపోవడాన్ని రిగ్రెషన్ అంటారు. మొదటినుంచీ ఉన్న లోపానికీ దీనికీ చాలా తేడా ఉంది. ఇక్కడ వెతికేవారి చేతిలో పనిచేసే కెర్నెల్ ఒకటి, పనిచేయని కెర్నెల్ ఒకటి ఉంటాయి. లినక్స్ కెర్నెల్ చుట్టూ పెరిగిన దోషాన్వేషణ విద్య చాలావరకు ఈ వెసులుబాటు మీదే నిలబడింది. ఎందుకు చెడిందన్న ప్రశ్నను అది కాసేపు పక్కనపెట్టి, ఏ మార్పుతో చెడిందో ముందు తేల్చుకుంటుంది.

ఈ బెడద డ్రైవర్లలోనే ఎక్కువగా కనిపించడానికి కారణం ఉంది. లినక్స్ సోర్స్‌లో సగానికి పైగా డ్రైవర్ల కోడే. ఒక్కో డ్రైవర్ ఎన్నో మోడళ్లను నడపాలి, ఆ మోడళ్లన్నీ దాన్ని రాసినవారి బల్ల మీద ఉండవు. చిప్ తయారీదారు మాన్యువల్‌లో ఒకటి రాస్తే బయటికొచ్చిన చిప్ మరోలా ప్రవర్తిస్తుంది. దాన్ని కొని కంప్యూటర్ చేసిన కంపెనీ తన బయాస్‌లో ఇంకో మెలిక పెడుతుంది. కెర్నెల్‌లోని పీసీఐ విభాగంలో క్విర్క్స్ పేరిట ఒక ఫైలే ఉంది. ఫలానా పరికరం ఫలానా మాట వినదు, దానితో ఇలా నెట్టుకురావాలి అని చెప్పే మినహాయింపుల చిట్టా అది. విద్యుత్తు ఆదా కోసం చేసిన చిన్న సవరణ ఎన్నో మోడళ్లలో బాగానే ఉండి, ఒక్కదానిలో మాత్రం చిప్‌ను నిద్ర లేవనీయకపోవచ్చు. ఆ ఒక్కటి ఎవరో వాడుకరి ఇంట్లో ఉంటుంది, దాని లోపలి సంగతులు తెలిసిన మెయింటెయినర్ మరెక్కడో ఉంటారు. ఈ రంగంలో అసలు చిక్కంతా ఇదే.

లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన ఈ ప్రాజెక్టులో దీనికి సంబంధించిన నియమం మొరటైనదే: వాడుకరి దగ్గర పనిచేస్తున్నది చెడకూడదు. కొత్త మార్పు ఎంత సబబైనదైనా సరే, చెడినదాన్ని వెంటనే బాగుచేయలేకపోతే ఆ మార్పే వెనక్కి వెళ్లాలి. కొత్త కెర్నెల్ అంటే జనానికి భయం లేనప్పుడే పదిమంది దాన్ని ముందుగా ఎక్కించి చూస్తారు, లోపాలు తొందరగా బయటపడతాయి. కొత్త వెర్షన్ తొమ్మిది, పది వారాలకు ఒకటి వస్తుంది. మొదటి రెండు వారాల్లో కొత్త కోడంతా వచ్చి చేరుతుంది, మిగిలిన వారాలు దోషాలు సరిదిద్దడానికే. ఒక్కో వెర్షన్‌లో చేరే కమిట్లు, అంటే విడివిడిగా నమోదైన మార్పులు, పదివేలు దాటుతాయి. దోషి వాటిలోనే ఎక్కడో ఉంటుంది.

వేట మొదలుపెట్టే ముందు సాక్ష్యం సేకరించాలి. పాత కెర్నెల్‌తో బూట్ చేసి దాని లాగ్ భద్రపరచాలి, కొత్తదానితో బూట్ చేసి ఆ లాగ్ కూడా భద్రపరచాలి. ప్రతి లైను మొదట్లో ఉండే సమయపు అంకెలు తీసేసి రెండింటినీ పక్కపక్కన పెడితే, దారి ఎక్కడ చీలిందో చాలాసార్లు కంటికే కనిపిస్తుంది: ఫర్మ్‌వేర్ దొరకలేదనో, ఇంటరప్ట్ రాలేదనో, గడువులోగా పరికరం బదులివ్వలేదనో. తర్వాత పరికరం అసలు గుర్తింపు సంఖ్య కావాలి. పెట్టె మీద రాసిన పేరును నమ్మడానికి లేదు, ఒకే పేరుతో రెండు రకాల చిప్‌లు అమ్మే అలవాటు కంపెనీలకు ఉంది. పీసీఐ పరికరాలైతే తయారీదారు సంఖ్య, పరికరం సంఖ్య రెండూ దొరుకుతాయి. ఇంటెల్ తన తయారీదారు సంఖ్యగా తన పాత ప్రాసెసర్ పేరైన 8086నే పెట్టుకుంది. యంత్రం మొత్తం స్తంభించిపోతే లాగ్ డిస్క్‌కు చేరదు. అప్పుడు నెట్‌కన్సోల్ ద్వారా సందేశాలను పక్క యంత్రానికి పంపించుకోవాలి. చెడింది నెట్‌వర్క్ డ్రైవరే అయితే పాతకాలపు సీరియల్ కేబులే గతి.

సాక్ష్యం చేతికొచ్చాక బైసెక్షన్ మొదలవుతుంది. కరెంటు లైన్‌లో లోపం ఎక్కడుందో తెలియనప్పుడు లైన్‌మన్ మధ్యలో ఉన్న ఏబీ స్విచ్ తీసి, లోపం ఏ సగంలో ఉందో తేల్చుకుంటాడు. ఇదీ అలాంటి పనే. మంచి కెర్నెల్‌కూ చెడ్డ కెర్నెల్‌కూ సరిగ్గా మధ్యనున్న కమిట్‌ను కంపైల్ చేసి బూట్ చేస్తారు. పనిచేస్తే లోపం తర్వాతి సగంలో, చేయకపోతే ముందు సగంలో. పద్నాలుగు వేల కమిట్లు ఉన్నా దాదాపు పద్నాలుగు పరీక్షలతో ఒక్క కమిట్ దగ్గరికి చేరవచ్చు. ఈ ఆలోచన లినక్స్‌లో పుట్టింది కాదు. క్రే రీసెర్చ్‌లో బ్రయాన్ నెస్, వియట్ ఎన్‌గో ఇలాంటి పద్ధతిని 1997లో వివరించారు. 1999లో ఆండ్రియాస్ జెల్లర్ దాన్ని యంత్రమే చేసుకుపోయేలా మలిచే దారి చూపాడు. అయితే దాన్ని సామాన్య వాడుకరి చేతికి అందించింది, సోర్స్ మార్పులను నమోదు చేసే గిట్ అనే సాధనం. 2005 ఏప్రిల్‌లో టోర్వాల్డ్స్ గిట్‌ను తయారుచేశాడు, ఆ ఏడాదే అందులోకి బైసెక్ట్ ఆదేశం వచ్చింది.

డ్రైవర్ ఎలా పనిచేస్తుందో ఒక్క ముక్క తెలియని మనిషి కూడా బైసెక్ట్ పూర్తిచేయగలడు. అతను ఇవ్వాల్సిన జవాబు ప్రతిసారీ ఒక్కటే: పనిచేసిందా, లేదా? ఆ పద్నాలుగు జవాబుల చివర దొరికే కమిట్ పేరు చూడగానే, ఆ పరికరాన్ని ఎన్నడూ ముట్టని మెయింటెయినర్‌కు సగం సంగతి అర్థమైపోతుంది. పరికరం ఉన్నవారికీ విద్య ఉన్నవారికీ మధ్య దూరాన్ని ఇంత చవగ్గా దాటించిన పద్ధతి మరొకటి లేదనే చెప్పాలి.

చవకే గానీ సులువు కాదు. పంపిణీదారులు ఇచ్చే కాన్ఫిగరేషన్‌తో కెర్నెల్ కంపైల్ చేస్తే మామూలు ల్యాప్‌టాప్‌కు గంటలు పడుతుంది. ప్రస్తుతం నడుస్తున్న మాడ్యూళ్లు తప్ప మిగిలినవన్నీ వదిలేసే లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ ఆ భారాన్ని బాగా తగ్గిస్తుంది. కాకపోతే వాడే పరికరాలన్నీ ముందే తగిలించి ఉంచాలి, లేకుంటే వాటి డ్రైవర్లు కూడా ఎగిరిపోతాయి. మధ్యలో కొన్ని కమిట్లు అసలు కంపైలే కావు, వాటిని దాటేయాలి. కంపైలర్, ఫర్మ్‌వేర్ ఫైళ్లు, బయాస్ సెట్టింగులు వేట ముగిసేదాకా కదలకూడదు.

రీబూట్‌లో ఒక మోసం దాగి ఉంటుంది. కరెంటు పోకుండా మళ్లీ మొదలైన యంత్రంలో, గత కెర్నెల్ చిప్‌లో పెట్టిపోయిన స్థితి చెక్కుచెదరకుండా ఉండిపోవచ్చు. మంచి కెర్నెల్ సరిచేసి వెళ్లిన చిప్ మీద చెడ్డ కెర్నెల్ కూడా పనిచేసి చూపిస్తుంది. అందుకే అనుభవజ్ఞులు ప్రతి పరీక్షకూ యంత్రాన్ని పూర్తిగా ఆపి, కాసేపాగి వెలిగిస్తారు.

అంతకంటే ప్రమాదకరమైనవి వచ్చిపోయే లోపాలు. మూడు బూట్లలో ఒకసారి మాత్రమే కనిపించే లోపం ఉందనుకుందాం. చెడ్డ కెర్నెల్‌ను ఒక్కసారే బూట్ చేసి చూస్తే, బాగుందని పొరబడే అవకాశం మూడింట రెండు వంతులు. వరసగా పదిసార్లు బూట్ చేసి చూస్తే ఆ అవకాశం నూటికి రెండుకన్నా తక్కువకు దిగుతుంది. ఒక్క తప్పుడు జవాబు పడితే ఆ తర్వాతి పరీక్షలన్నీ తప్పు సగంలోనే నడుస్తాయి, చివరికి ఏ పాపమూ ఎరుగని కమిట్ పట్టుబడుతుంది. వైఫై కోసం మొదలైన వేట డాక్యుమెంటేషన్‌లో అచ్చుతప్పు దిద్దిన కమిట్ దగ్గర తేలిందంటే ఎక్కడో జవాబు తప్పిందని అర్థం. అప్పుడు భద్రపరచిన బైసెక్ట్ లాగ్ తెరిచి, అనుమానం ఉన్న అడుగు నుంచి మళ్లీ నడవాలి.

దొరికిన కమిట్‌ను సరికొత్త కెర్నెల్ నుంచి తీసేసి చూడటం చివరి పరీక్ష. తీసేస్తే పనిచేసి, పెడితే చెడితే సంబంధం రుజువైనట్టే. అంతమాత్రాన ఆ కమిట్‌లోనే తప్పుందని కాదు. బూట్ వేగం పెంచిన మార్పు, ఏళ్లుగా డ్రైవర్‌లో దాగిన పోటీ పరిస్థితిని (రేస్ కండిషన్) బయటపెట్టి ఉండవచ్చు. ఇక్కడినుంచి పని కోడ్ చదవగలిగేవారిది. తాళాల క్రమం తప్పితే హెచ్చరించే లాక్‌డెప్ 2006 నుంచి, చెల్లని మెమొరీని ముట్టుకుంటే పట్టిచ్చే కాసాన్ 2015 నుంచి కెర్నెల్‌లో ఉన్నాయి. డ్రైవర్‌లో అక్కడక్కడా సందేశాలు ముద్రించే పాత పద్ధతికి ఇప్పటికీ తిరుగులేదు. అయితే ముద్రణకు పట్టే సమయం వల్లే కొన్ని లోపాలు మాయమవుతాయి. అలా మాయమవడం కూడా ఆధారమే, సమస్య కాలక్రమంలో ఉందని చెబుతుంది. సవరణ తయారయ్యాక దాని వివరణలో ఫిక్సెస్ అనే గుర్తు, పాత కమిట్ ఐడీలోని మొదటి పన్నెండు అక్షరాలు, లోపం నివేదించినవారి పేరు చేరతాయి. 2005లో మొదలైన స్టేబుల్ శాఖను చూసేవారు ఆ గుర్తును బట్టి సవరణను ఏయే పాత వెర్షన్లకు చేర్చాలో నిర్ణయిస్తారు.

ఈ విద్యకు 2008లో ఎదురైన పరీక్ష చాలా కఠినమైనది. 2.6.27 వెర్షన్ పరీక్ష దశలో ఉండగా ఇంటెల్ ఈథర్‌నెట్ పరికరాలను నడిపే ఈ1000ఈ డ్రైవర్ మీద ఫిర్యాదులు వచ్చాయి. మామూలు రిగ్రెషన్‌లో పాత కెర్నెల్‌కు వెళితే పరికరం బతుకుతుంది. ఇక్కడ అలా కాలేదు. కార్డు అమరికలు, చిరునామా దాచుకునే శాశ్వత మెమొరీయే చెరిగిపోతోంది, ఆ తర్వాత ఏ కెర్నెల్‌తోనూ అది లేవడం లేదు. బైసెక్ట్ చేద్దామంటే ప్రతి చెడ్డ ఫలితానికీ ఒక కార్డు బలి. అందుకే ఆ మెమొరీ ప్రతిని ముందే ఫైలులోకి తీసి పెట్టుకోమని వాడుకరులకు సలహా వెళ్లింది. అనుమానం సహజంగానే డ్రైవర్ మీద పడింది, గ్రాఫిక్స్ వైపూ మళ్లింది. కారణం తెలియకుండానే ఇంటెల్ ఇంజినీర్లు ఆ మెమొరీలోకి రాతలు పోకుండా డ్రైవర్‌లో తాళం వేశారు.

అసలు దోషికి నెట్‌వర్క్‌తో సంబంధమే లేదు. అదే వెర్షన్‌లో స్టీవెన్ రోస్టెడ్ తెచ్చిన ఎఫ్‌ట్రేస్ కొత్తగా చేరింది. ఏ ఫంక్షన్ ఎప్పుడు నడిచిందో చూపించే సాధనం అది. ప్రతి ఫంక్షన్ మొదట్లో ఉండే ఒక పిలుపు చిరునామాను అది రాసుకుని, తర్వాత తీరిగ్గా వెళ్లి ఆ పిలుపును ఏ పనీ చేయని ఆదేశంగా మార్చేది. మాడ్యూల్ మొదలయ్యేటప్పుడు ఒక్కసారి నడిచే కోడ్ చిరునామాలు కూడా ఆ జాబితాలో ఉండేవి. ఆ పని అయిపోగానే కెర్నెల్ ఆ మెమొరీని ఖాళీ చేస్తుంది. 32-బిట్ ఎక్స్86 యంత్రాల్లో మాడ్యూళ్లకూ పరికరాల మ్యాపింగులకూ ఒకే చిరునామాల ప్రాంతం కావడంతో, ఖాళీ అయిన చోటుకే ఈథర్‌నెట్ కార్డు మెమొరీ వచ్చి చేరే వీలుంది. ఎఫ్‌ట్రేస్ అక్కడికి వెళ్లి పాత పిలుపును వెతికేది.

నిజానికి దాని రచనలో జాగ్రత్త లేకపోలేదు. అక్కడున్నది తాను అనుకున్నదే అయితేనే మార్చేలా, కంపేర్ ఎక్స్‌చేంజ్ అనే ప్రాసెసర్ ఆదేశాన్ని వాడారు. కానీ ఎక్స్86లో ఆ ఆదేశం పోలిక కుదరకపోయినా చదివిన విలువనే తిరిగి రాస్తుంది. మామూలు మెమొరీలో అది ఎవరికీ తెలియని సంగతి. పరికరం మెమొరీలో మాత్రం ఏ రాత అయినా ఆజ్ఞే, కార్డు దాన్ని పాటించింది. భద్రత కోసం ఎంచుకున్న ఆదేశమే చేటు తెచ్చింది. డ్రైవర్‌ను ఎంత చదివినా ఈ సంగతి దొరికేది కాదు, ఎందుకంటే అది ఆ డ్రైవర్‌లో లేదు.

2.6.27 అక్టోబరు 9న వెలువడింది. కొద్ది రోజుల్లోనే వచ్చిన 2.6.27.1లో ఎఫ్‌ట్రేస్‌లోని ఆ భాగాన్ని నిలిపివేశారు. 2.6.28లో పద్ధతే మారింది. పిలుపుల చిరునామాలను కంపైల్ చేసేటప్పుడే నమోదు చేసి, వాటిని ముందే మార్చేసే ఏర్పాటు వచ్చింది. నడుస్తున్న కెర్నెల్‌లో మేల్కొని ఆ చిరునామాల దగ్గరికి వెళ్లి పిలుపులను మార్చే నేపథ్య ప్రక్రియను తొలగించారు. ఈ1000ఈ డ్రైవర్‌లో వేసిన రాతల తాళాన్ని మాత్రం, దోషి వేరే అని తేలాక కూడా అలాగే ఉంచారు.